ఒసాకా హడావుడి

“ఏమండీ, అది పేలదు కదా?” తోమోయె వంటింటి గుమ్మం దాటి ఇవతలికి రాలేదు.

“పేలితే ముందు పోయేది నేనే. నీకేం భయం?” అన్నాడు ఇనుయి.

బల్ల మీద కారు బ్యాటరీ, రెండు ట్రాన్సిస్టర్లు, పాత చార్జరులోంచి పీకి వెనక్కి తిప్పి బిగించిన ట్రాన్స్‌ఫార్మర్. బ్యాటరీతో ఇంటి కరెంటు పుట్టించే ఇన్వర్టర్ అది. చనిపోయిన పెద్దలను తలుచుకునే బోన్ పండగకు ఊరంతా తోనె నది ఒడ్డున గుండ్రంగా చేరి ఆడుతుంది. రికార్డు ప్లేయరుకు ఏటా కరెంటు ఇచ్చే బియ్యం కొట్టును ఈసారి కూల్చేశారు. ఇనుయి తానే ముందుకొచ్చాడు. ఈ ఊరు వచ్చి ఆరేళ్లయినా అతనింకా ‘ఆ ఒసాకా ఆయనే’. ఈ పండగ గట్టెక్కిస్తే తమలో కలుపుకుంటారని ఆశ.

నాట్యం మాస్టారు కుసాకాబే వచ్చి పెదవి విరిచాడు. “మా నాట్యానికి నిదానమే ప్రాణం. మా గురువుగారు పడమట క్యోటో నుంచి మోసుకొచ్చిన ప్లేయరిది. ఆ రికార్డులో పాడిన మహానుభావుడి గాంభీర్యం చూశారా? మీ ఒసాకా హడావుడి ఇందులో దూర్చకండి.”

“వైర్లలో హడావుడి ఎక్కడుంటుంది మాస్టారూ!”

పండగ సాయంత్రం ఇనుయి మీట నొక్కాడు. రికార్డు తిరిగింది. చప్పట్లు మోగాయి. అంతలోనే పాట పరుగందుకుంది. మహానుభావుడి గొంతు సన్నబడింది. పెద్దలు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. ఒకావిడ చెప్పు ఎగిరి, ముందు వరసలో కూర్చున్న ఊరి అధికారి ఒళ్లో పడింది. మనవరాలిని చూడ్డానికి పొరుగూరి నుంచి వచ్చిన ముసలావిడ ఒక్కర్తే అడుగు తప్పలేదు.

“ఆపండి! ఇది నాట్యమా, రైలు కోసం పరుగా?” కుసాకాబే అరిచాడు.

ఇనుయి నాలుక కరుచుకున్నాడు. జపాన్‌లో ఒసాకా ఉన్న పడమటి వైపు కరెంటు సెకనుకు అరవైసార్లు ఊగుతుంది, ఈ ఊరున్న తూర్పు వైపుది యాభైసార్లు. ఆ ఊపును బట్టే ప్లేయరు తిరుగుతుంది. అలవాటు కొద్దీ అతను అరవైకి బిగించాడు.

“తప్పు నాదే,” అని నడుం విరిగేలా వంగాడు.

“ఒసాకా బుద్ధిని పెట్టెలోకి కూడా ఎక్కించాడు!” ఎవరో అన్నారు. ఊరంతా విరగబడి నవ్వింది. తోమోయెకు తల కొట్టేసినట్టయింది.

ఇనుయి మర తిప్పి యాభైకి తెచ్చాడు. పాట మళ్లీ బరువుగా సాగింది. కుసాకాబే కళ్లు మూసుకుని తల ఊపాడు. “ఇదీ అసలు వేగం! మీరు నిదానం నేర్చుకోండి ఇనుయి గారూ, అప్పుడు మా నాట్య సంఘంలో చేర్చుకునే సంగతి చూద్దాం.”

జనం పలచబడ్డాక ఇనుయి వైర్లు చుట్టుకుంటుంటే ఆ ముసలావిడ దగ్గరికొచ్చింది.

“నాయనా, ఇందాక మొదట పెట్టినట్టు ఇంకోసారి పెడతావా?”

“అది తప్పు వేగమమ్మా. ఊరంతా నవ్విపోయింది, చూశారుగా.”

ఆవిడ రికార్డు వైపు చూసి నవ్వింది.

“అందులో పాడింది నేనే.”