ఎనిమిది వందల నలభయ్యో లైను

తప్పెవరిదో పదకొండింటికల్లా తేలాలని చెప్పి సూపరింటెండెంట్ వెళ్లిపోయాడు. తేల్చే పని నెట్‌వర్క్ చూసుకునే అతని మెడకు చుట్టుకుంది.

చుట్టుకోక ఏం చేస్తుంది? ఆ ఆసుపత్రి నెట్‌వర్క్ విభాగంలో ఉన్నది ఇద్దరే. ఒకరు అక్క, ఇంకొకరు అతను. అనుమానం అక్క మీద. ఇక మిగిలింది అతనే.

పెద్ద డాక్టర్ల నుంచి గేటు దగ్గరి మనిషి దాకా అందరికీ ఆమె అక్కే. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. ఇంకో ఏడు నెలలు గడిస్తే తలెత్తుకుని రిటైరవ్వాల్సిన మనిషి.

నిన్న మధ్యాహ్నం రెండూ పదికి మూడో అంతస్తులో నర్సుల ముందున్న తెర ఖాళీ అయిపోయింది. పన్నెండు మంచాల దగ్గర మిషన్లు పనిచేస్తూనే ఉన్నాయి గానీ, వాటి అంకెలు తెర దాకా రావడం లేదు. సరిగ్గా అప్పుడే ఆరో మంచం మీది ముసలాయన గుండె లయ తప్పింది. ఆయన కోడలు గావుకేక పెట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఎలాగో ప్రాణం దక్కింది. ఫోను అందుకున్న అక్క పరుగున వచ్చి పాత సెట్టింగులు ఎక్కించింది కాబట్టి పదకొండు నిమిషాల్లో తెర మళ్లీ వెలిగింది.

సరిచేసింది అక్క, సరే. చెడగొట్టిందెవరు?

ఆ ఆసుపత్రిలో అంతస్తుకో నెట్‌వర్క్ స్విచ్ ఉంది. ఏ వైరు ఎవరితో మాట్లాడాలో చెప్పే సెట్టింగులు ఒక్కోదాంట్లో పన్నెండు వందల లైన్లు. ఎవరు వేలు పెట్టినా అది వెంటనే ఒక కాపీ దాచుకుంటుంది. ముందటి కాపీనీ తర్వాతి కాపీనీ పక్కపక్కన పెట్టి పోలిస్తే మారిన లైను ఎర్రగా కనిపిస్తుంది. దాని పక్కనే టైము, లాగిన్ పేరు. ఈ పోల్చడం అతనికి నేర్పింది అక్కే. తొమ్మిదేళ్ల కింద, పలక మీద అక్షరాలు దిద్దించినంత ఓపిగ్గా నేర్పింది.

రెండు కాపీలూ తెరిచాడు. ఎనిమిది వందల నలభయ్యో లైను ఎర్రగా ఉంది. ఆ పన్నెండు మంచాల లైను అదే. తీసేశారు. టైము రెండూ పది. పేరు అక్కది.

మళ్లీ పోల్చాడు. ఆ పేరు మారుతుందేమోనని ఇంకోసారీ పోల్చాడు. మారలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

కావాలని ఎవరూ తీసే లైను కాదది. నాలుగో అంతస్తులో మూసేసిన వార్డు తాలూకు లైను తీసేయమని వారం కింద ఆర్డరు వచ్చింది. ఏ అంతస్తు సెట్టింగులైనా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తెర మీద రెండూ పక్కపక్కనే తెరిచి ఉంటే, ఒకదాంట్లో కొట్టాల్సింది ఇంకోదాంట్లో కొట్టేయడానికి రెప్పపాటు చాలు. ఈ పనిలో ఆరితేరినవాళ్లకు తప్ప ఇంకెవరికీ చేతకాని తప్పు.

అక్క వచ్చి వెనక నిలబడింది. అతను తెర ఆమె వైపు తిప్పాడు. కళ్లజోడు పెట్టుకుని, వంగి, నిదానంగా చదివింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను తీసినట్టు నాకు గుర్తే లేదురా."

అతను తెర మీది టైము దగ్గర వేలు పెట్టి చూపించాడు.

"ఫోన్ మోగినప్పుడు మెట్ల మీద ఉన్నాను. అది గుర్తుంది. భోజనానికి వెళ్తున్నానా, తిని వస్తున్నానా?"

అతను తెరను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

"వెళ్తున్నారక్కా," అన్నాడు చివరికి.

పోయిన నెల ఆమె కాలికో రకం చెప్పు వేసుకుని ఆఫీసుకు వచ్చింది. ఇంటి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఊరంతా వెతికింది. అందరూ ఆటపట్టిస్తే తనూ నవ్వేసింది. ఇప్పుడు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూలబడింది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది. చేసిన పని గుర్తుండేది కాదు. నేను చేయలేదంటూ మాతో పోట్లాడేది. చివరికి నన్ను కూడా గుర్తుపట్టలేదు. నేను మాత్రం పోట్లాడను. నేను మర్చిపోతానేమో గానీ, ఆ కాపీ మర్చిపోదు. ఉన్నదున్నట్టు రాసెయ్."

రాశాడు. అరపేజీ. అక్క చదవకుండానే కింద సంతకం పెట్టింది.

పదకొండింటికి సూపరింటెండెంట్ వచ్చి కాగితం చూసి పాపం తనూ నొచ్చుకున్నాడు. ఆ సమయంలో నువ్వేమైనా గమనించావా అని అతన్ని అడిగాడు. తల వంచుకుని పని చేసుకుంటున్నానని, ఏమీ చూడలేదని అతను చెప్పాడు. అక్కను పెద్ద మనిషని గౌరవించి విచారణ ఏమీ పెట్టలేదు. ఇవాళ్టి నుంచే ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు, అంతే.

అక్క సామానంతా ఒక్క సంచిలో సర్దేసింది. సంచి మోసుకుంటూ లిఫ్టు దాకా వెళ్లేసరికి అతనికి ఏడుపు ఆగలేదు. ఆమే భుజం తట్టి ఓదార్చింది.

"రేపు మన రెండో అంతస్తులోనే ఆ మతిమరుపు డాక్టరుకు చూపించుకుంటాను. ఆయన ఏం చెప్తాడోనని భయంగా ఉందిరా. తోడు వస్తావా?"

వస్తానన్నాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

నిన్న రెండూ పదికి అక్క కింద క్యాంటీన్లో అన్నం తింటూ ఉంటే, తన పాస్‌వర్డ్ కొట్టడానికి బద్ధకించి, ఆమె తెరిచి వదిలి వెళ్లిన కంప్యూటర్ ముందు కూర్చుని ఆ లైను తీసేసింది అతనే.