ఒక ఆటో, రెండు జీపులు

“ఈ ఆటో మాది” అన్నాడు పోలీసు ఎస్సై గోవిందరావు, ముందు చక్రం మీద బూటుకాలు పెట్టి.

“మీదెలాగవుతాది బావా? ఘాటీ మీంచి తరుముకొచ్చింది మేం. మీరు రోడ్డుకడ్డంగా నిలబడ్డారంతే” అన్నాడు ఎక్సైజ్ ఎస్సై శ్రీరామ్.

సాలూరు అవతల, ఒడిశా నుంచి దిగే రోడ్డు మీద జరుగుతోందీ తగువు. ఆటోలో పైన పనసకాయలు, వాటి కింద ఒడిశా మందు సీసాలు. డ్రైవరు సీట్లో పృథ్వీరాజ్ అనే కుర్రాడు. తనని పట్టుకున్నది ఎవరో తేలితే వాళ్ళ కాళ్ళమీద పడదామని ఇటొకసారీ అటొకసారీ చూస్తున్నాడు.

శ్రీరామ్ అక్క అనూరాధని గోవిందరావు చేసుకున్నాడు. ఆదివారం బావా బావమరుదులిద్దరూ ఒకే గిన్నెలోంచి చేపల పులుసు వడ్డించుకుంటారు. సోమవారం యూనిఫాం వేశారంటే ఒకరి కేసులో ఇంకొకర్ని వేలు పెట్టనివ్వరు. స్మగ్లింగు కేసుల్లో రెండు శాఖలూ కలిసి పనిచెయ్యాలని పైనుంచి ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి. ఇద్దరూ శ్రద్ధగా చదువుతారు, సంతకం పెడతారు, ఎవరి జీపు వాళ్ళెక్కుతారు.

తనకి ఖాయమైన సమాచారం వచ్చిందన్నాడు గోవిందరావు. తనకీ వచ్చిందన్నాడు శ్రీరామ్. ఎవరిచ్చారని ఒకర్నొకరు అడిగారు. చెప్పేవాళ్ళెవరు? నిజానికి ఇద్దరికీ ఆ పేరు తెలీదు. పొద్దున్నే ఫోనులో ఎవరో గొంతు అణుచుకుని నాలుగు మాటలు చెప్పి పెట్టేశారు. ఆ సంగతి మాత్రం ఒకరి దగ్గర ఒకరు ఒప్పుకోలేదు.

ఎక్సైజ్ స్టేషన్ దగ్గర కాబట్టి ఆటోని అక్కడికే తోలించారు. గోవిందరావు జీపు దాని వెనకే వచ్చింది.

కాసేపటికి కుర్రాడి తల్లి దాలమ్మ వచ్చింది. భుజాన ఓ సంచీ వేలాడుతోంది. వస్తూనే మెట్ల మీద చతికిలబడి గొంతెత్తింది.

“నా గుంటణ్ణి పట్టించినోల్ల నోరు పడిపోను. ఆల్ల సేతులిరిగిపోను.”

వీధి చివరి కొట్టువాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూశారు. అలిసిపోయాక మంచినీళ్ళడిగి తాగింది. తరవాత ఎస్సైలిద్దరి దగ్గరికీ వచ్చి నెమ్మదిగా మాట్లాడింది. తప్పు చేశాడు, కేసు పెట్టండి, వాడి ఒంటిమీద చెయ్యి మాత్రం వెయ్యకండి అంది. ఎవరి అమ్మకైనా అలాగే ఉంటుంది.

తమ స్టేషన్‌కి తీసుకెళ్తే గంటలో అన్నీ కక్కేస్తాడన్నాడు గోవిందరావు. తమ కేసులో ముద్దాయిని పంపేది లేదన్నాడు శ్రీరామ్.

“ఇద్దరూ ఒక్కసోటే కూకోని అడగండి బాబూ” అంది దాలమ్మ. “మీకు దండమెడతాను.”

ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, ఆ పనే చేశారు. కుర్రాడికి చెరో పక్కా కుర్చీలేసుకున్నారు. గోవిందరావు ఒకసారి అలవాటుగా లాఠీ ఎత్తాడు. బావమరిది చూస్తున్నాడు. ఆ లాఠీతో వీపు గోక్కుని కింద పెట్టేశాడు. ఇంతలో ఎవరో పెద్దమనిషి శ్రీరామ్‌కి ఫోను చేసి, కుర్రాణ్ణి చూసీచూడనట్టు వదిలెయ్యమన్నాడు. బావ చెవులు రిక్కించి వింటున్నాడు. కుదరదండీ అని శ్రీరామ్ పెట్టేశాడు. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ రోజు దాకా అతనికే తెలీదు.

దెబ్బల కోసం బిగుసుకుని కూర్చున్న పృథ్వీరాజ్‌కి దెబ్బలు పడకపోయేసరికి ఏడుపొచ్చింది. సరుకు పంపించిన ఓనరు పేరు చెప్పాడు, గోడౌన్ ఎక్కడో చెప్పాడు. వచ్చే వారం నుంచి మందు కాదు, గంజాయి తేవాలన్నాడని కూడా చెప్పాడు. మందైతే రేపో మాపో బెయిలు దొరుకుతుంది. గంజాయైతే వయసంతా జైల్లోనే పోయేది. ఆ మాట విని ఎస్సైలిద్దరూ మొహాలు చూసుకున్నారు. పొద్దుటి నుంచి వాళ్ళ మధ్య తగువు లేని క్షణం అదొక్కటే.

శ్రీరామ్ కేసు కట్టాడు. గోవిందరావు మనుషుల్ని పంపాడు. సాయంత్రానికల్లా ఓనరు చీపురుపల్లి గోడౌన్‌లోనే దొరికిపోయాడు. కేసులో ఇద్దరి పేర్లూ ఉండేలా రాజీ కుదిరింది. ముందెవరి పేరన్న దగ్గర కాస్త గొడవైంది గానీ, అనూరాధకి ఫోను చేస్తానని గోవిందరావు బెదిరించేసరికి శ్రీరామ్ తగ్గాడు.

“ఓనరు మనుషులు ఊరుకోరు బావా. సమాచారం ఇచ్చినోళ్ళని జాగర్తగా ఉండమందాం” అన్నాడు శ్రీరామ్. పొద్దున్న వచ్చిన నంబరు నొక్కాడు.

మెట్ల మీద దాలమ్మ సంచీలో ఫోను మోగింది. ఆమె కంగారుగా తడుముకుని దాని నోరు నొక్కేసింది.

“ఏటిరా, రాంగ్ నంబరా?” అని నవ్వి, గోవిందరావు తనకొచ్చిన నంబరుకి చేశాడు. మళ్ళీ ఆ సంచీయే మోగింది.

ఇద్దరూ వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డారు. దాలమ్మ లోపలికి తొంగిచూసింది. కొడుకు బల్ల మీద ముడుచుకుని నిద్రపోతున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మెల్లగా బాబూ, ఆడికి ఇనపడిపోతాది. గంజాయి మాట సెవినపడినాక, అది మొయ్యకముందే ఆడు దొరికితే మేలనుకున్నాను. ఒక్కలకే సెప్తే ఆడిని కొట్టీసినా, ఒగ్గీసినా అడిగీవోల్లుండరు. ఒకలికొకలు కాపలా ఉంతారని ఇద్దరికీ నానే సెప్పినాను.”