మట్టి లేని జవాబు

పైపుల బాబాయ్ నల్ల బకెట్టు మూతకి ఆరో కన్నం వేసి, డ్రిల్లింగ్ మిషన్ పక్కన పెట్టి, పళ్లు పటపట కొరికాడు.

"ఈసారి ఆ టీచరమ్మ చేత తప్పు నాదేరా అని నోరారా అనిపించకపోతే నేను పానా పట్టినవాణ్ణే కాదు!"

"పోనిద్దురూ. ఆవిడకి ఎనభై అయిదు, మీకు అరవై. ఇంకా ఆ ఏడో తరగతి దగ్గరే ఆగిపోయారా?" అంది భార్య.

"నేనాగానా? ఆవిడే కదా ఆపేసింది!"

సంగతేమిటంటే, ఏడో తరగతి సైన్సు పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. మొక్క బతకడానికి ఏమేం కావాలి? క్లాసంతా మట్టి, నీరు, ఎండ, గాలి అని రాసింది. మనవాడు మాత్రం మట్టి లేకపోయినా బతుకుతుందని రాశాడు. సీసా నీళ్లలో పడేసిన పుదీనా కాడ వేళ్లు వేయడం కళ్లారా చూశాడు మరి. టీచరమ్మ ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత లాగింది. పాసు కావడానికి ముప్పై అయిదు రావాలి. మనవాడికి ముప్పై నాలుగొచ్చాయి.

టీచరమ్మంటే ఆషామాషీ మనిషా! ఆవిడ పాఠం చెబుతుంటే ఈగ కూడా గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగేదట. గోడ గడియారం ఆలస్యమైతే ఆవిడ మొహం చూసి తనంతట తనే సర్దుకునేదట. "ఒక్క మార్కే కదమ్మా, పోనీలెండి" అని హెడ్మాస్టరే బతిమాలినా కలపలేదు.

తోటివాళ్లంతా ఎనిమిదిలోకి పోయారు. మనవాడు తనకంటే జానెడు పొట్టి పిల్లల పక్కన మళ్లీ అదే బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్లు పెట్టిన పేరు 'నీళ్ల మొక్క'. రెండేళ్లు భరించి, చదువుకో దండం పెట్టి, పైపుల పనిలో చేరిపోయాడు. ఈ నలభై ఏడేళ్లలో ఆవిణ్ణి 'టీచర్' అని తప్ప మరో మాటతో పిలిచి ఎరగడు. ఆ ఒక్క మాటలోనే పట్టినంత కారం దట్టించేవాడు.

మొన్న ఎండాకాలంలో ఒకరింట్లో కుళాయి బాగుచేయడానికి వెళ్లాడు. బాల్కనీలో పైపుల నిండా ఆకుకూర! మట్టి చిటికెడు లేదు. బాబాయ్ కుళాయిని కారుతుండగానే వదిలేసి నేల మీద చతికిలబడ్డాడు. తన పగకి సాక్ష్యం, అదీ తను రోజూ కోసే పైపుల్లోనే! ఆ ఇల్లాలిని గంటసేపు ప్రశ్నలతో చంపుకుతిన్నాడు.

ఇంటికొచ్చి మొదలెట్టాడు. పాలకూర గింజల్ని తడి స్పాంజి ముక్కల్లో మొలకెత్తించాడు. కన్నాల గిన్నెల్లో పెట్టి, మూత కన్నాల్లో దించి, పోషకాల పొడి కలిపిన నీళ్లకు వేళ్లు తగిలేలా వేలాడదీశాడు. మొదటిసారి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా వాడాడు. వెలుతురు సోకి నీళ్లన్నీ పాచి పట్టాయి. రెండోసారి నల్ల బకెట్టు తెచ్చాడు. మొక్క తాగేకొద్దీ నీళ్లు తగ్గాలి, పై వేళ్లకి గాలాడాలి. కానీ పైపులవాడికి తగ్గిన నీళ్లు కనబడితే ప్రాణం ఒప్పుతుందా? రోజూ అంచుదాకా నింపాడు. వేళ్లన్నీ మునిగి కుళ్లిపోయాయి.

ఇది మూడోసారి.

"ఏంట్రా ఆ గీకుడు?" గోడ అవతల నుంచి టీచరమ్మ గొంతు.

"పైపు కోస్తున్నా, టీచర్!" అని అరిచి, భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చెప్పావో, చూడు!"

"నేనెందుకు చెబుతాను? మాత్రలివ్వడానికి వెళ్తే, బకెట్లతో వాడేం చేస్తున్నాడని ఆవిడే అడుగుతున్నారు."

ఈసారి బకెట్టు ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నలభై రోజులకు పాలకూర అరచేతులంత ఆకులేసింది. వేళ్లు ముసలి తాత గడ్డంలా తెల్లగా దిగాయి.

బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నీళ్లోడుతున్న మొక్కను పట్టుకెళ్లి టీచరమ్మ ముందున్న బల్ల మీద పెట్టాడు.

"చూడండి టీచర్. వేళ్ల మధ్య ఒక్కటంటే ఒక్క మట్టి రేణువు చూపించండి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. వేళ్లు విడదీసి చూసింది. ఒక ఆకు తుంచి నమిలింది.

"కాస్త చప్పగా ఉంది."

"రుచి సంగతి తర్వాత! నా జవాబు తప్పా, ఒప్పా?"

"ఒప్పే."

బాబాయ్ నలభై ఏడేళ్ల తర్వాత కాలరు ఎగరేశాడు.

"ఇప్పటికి తెలిసిందన్నమాట!"

"ఆ రోజే తెలుసురా. ట్రైనింగులో చదువుకున్నాను."

బాబాయ్‌ మొక్కను పక్కకి నెట్టాడు. "తెలిసే ముంచారా నన్ను? అదే జవాబు ఇంకొకడు రాసుంటే?"

"మార్కు వేసేదాన్ని. క్లాసు చేత చప్పట్లు కూడా కొట్టించేదాన్ని."

"మరి నా ఒక్కడి మీదే ఏం కక్ష మీకు?"

ఆవిడ అతని తడిసిన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నలుగురూ ఏమంటారోనని భయపడ్డానురా, నా కడుపున పుట్టినవాడివి కదా."