తివాచీ మీద ఉమ్మిన ప్రభువు

డ్యూక్‌గారి విందు ముగించుకుని బండి ఎక్కగానే ఎజ్రా వార్డిల్ మండిపడ్డాడు. బర్టన్‌లో బీరు కాచి సంపాదించినవాడు. రాణిగారు ప్రభువు బిరుదిచ్చి నెల కూడా కాలేదు.

"ప్రభువుల వంశాలు పీరేజ్ అట, బీరు కాచి ప్రభువులైన మనం 'బీరేజ్' అట! విన్నావా లెటీ? అందరి నోటా అదే మాట."

"మరి మీరు చేసిన పనో? డ్యూక్‌గారి వైను నోట్లో పోసుకుని, పుక్కిలించి, తివాచీ మీద ఉమ్మారు," అంది భార్య.

"అలవాట్లో పొరపాటు! మన కార్ఖానాలో రోజంతా రుచి చూసి రంపపు పొట్టు మీద ఉమ్మడమేగా నా పని? అన్నీ మింగితే మధ్యాహ్నానికి నిలబడగలనా? వెంటనే బల్ల కింద దూరి రుమాలుతో తుడిచానుగా!"

"మీరు కిందుంటే పైన మా పరిస్థితేమిటి? డచెస్‌గారి మొహం మాడిపోయింది. ఇక ఏ పెద్దింటి గడపా తొక్కనివ్వరనుకున్నా. ఆ 'బీరేజ్' మాట వినపడ్డాకే గదంతా పగలబడి నవ్వింది. డ్యూక్‌గారైతే కళ్ళు తుడుచుకుంటూ, వచ్చే బుధవారం మళ్ళీ రమ్మన్నారు."

ఎజ్రా కాస్త మెత్తబడ్డాడు. కానీ పౌరుషం ఊరుకోనివ్వలేదు.

"అయినా సరే! ఆ మాట పుట్టించిందెవరో తెలియాలి, ఈ జన్మలో నా బీరు చుక్క ముట్టనివ్వను!"

లెటీ చేతితొడుగులు విప్పుతూ నిట్టూర్చింది.

"అయితే రేపటినుంచి భోజనంలోకి నాకు మంచినీళ్ళేనన్నమాట."