నడుం మావయ్య గుమ్మం

"షట్టర్ పగలగొట్టినా మావయ్య రాడు."

షట్టర్ బాదుతున్న తమ్ముడు చెయ్యి ఆపి చూశాడు. పక్కనే మెట్టు మీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికెళ్ళాడు?"

"పని మానేశాడు. ఇక ఎవరి నడుమూ తొక్కడు."

వెనక వ్యాన్‌లోంచి అన్నయ్య మూలుగు వినిపించింది. బీరువాలకు చుట్టే బొంతల మీద అతన్ని బోర్లా పడుకోబెట్టారు. వదిన అతని తల పట్టుకుని కూర్చుంది.

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మొయ్యడం అన్నదమ్ముల పని. మెట్లు దిగేటప్పుడు బరువంతా కిందివాడి మీదే పడుతుంది. ఆ కింది చోటు అన్నయ్య ఏనాడూ తమ్ముడికి ఇవ్వలేదు.

కొన్ని వారాలుగా అన్నయ్యకి పిరుదు నుంచి మడమ దాకా కరెంటు పాకినట్టు నొప్పి. కండరం పట్టిందనుకుని పిక్కకు మందు రాస్తూ వచ్చారు. ఇవాళ మెట్ల మీద బీరువాతో సహా కూలబడ్డాడు. ఇప్పుడు రెండు కాళ్ళూ మాట వినడం లేదు.

నడుం మావయ్య మడమతో ఒక్క తొక్కు తొక్కితే మోసుకొచ్చినవాళ్ళు కూడా నడిచి ఇంటికెళ్తారని పేరు. తమ్ముడు ఆ పేరు విన్నాడే గానీ మనిషిని చూడలేదు.

ముసలాయన లేచి వచ్చి వ్యాన్‌లోకి తొంగిచూశాడు.

"బాబూ, కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా? పొద్దున్నుంచి ఒంటికి వెళ్ళావా?"

వదిన భగ్గుమంది. "ఆడమనిషి ముందు అవేం ప్రశ్నలు? వయసుకు తగ్గ మాటలేనా?"

"సిగ్గుపడే టైము కాదమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే."

"వెళ్తే కోసి పారేస్తారు," అన్నాడు తమ్ముడు. "మార్కెట్ వెనక ఇంకొకడు తొక్కుతాడట. వదినా, గట్టిగా పట్టుకో, పోదాం."

ఇంజన్ స్టార్టయింది. ముసలాయన ఎదురొచ్చి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"తప్పుకో తాతా!"

"అక్కడికైతే నా మీంచి పోనివ్వు."

"ఏం, ఆసుపత్రివాళ్ళు కమీషన్ ఇస్తున్నారా?"

"నడుం మావయ్య ఓ కుర్రాణ్ణి తొక్కాడు. అచ్చం మీ అన్నలాగే వచ్చాడు. మళ్ళీ లేవలేదు."

"ఊరంతా దేవుడంటుంటే నీకెందుకంత కడుపుమంట?"

ముసలాయన చేతులు తియ్యలేదు.

తమ్ముడు కిందికి దూకి, కాలర్ పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ముసలాయన వెళ్ళి షట్టర్‌కి కొట్టుకుని జారి కూలబడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. అయినా గోడ పట్టుకుని లేచి, మళ్ళీ వచ్చి బానెట్ మీద చేతులు పెట్టాడు.

తమ్ముడు మళ్ళీ చెయ్యెత్తాడు.

"ఒరేయ్!" వ్యాన్‌లోంచి అన్నయ్య గొంతు. "ఆయన్నేం చెయ్యకు. పొద్దున్నుంచి ఒంటికి రావట్లేదురా. ఎంత ముక్కినా రావట్లేదు. కూర్చునే చోట గిల్లినా తెలియట్లేదు. మీ వదిన ముందు ఎలా చెప్పను?"

వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పెద్దాసుపత్రికి పోనివ్వు," అంది.

ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. వ్యాన్ కదిలింది. తమ్ముడు అద్దంలోకైనా చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు కూడా అవే ప్రశ్నలు అడిగింది. తర్వాత నడుముకి స్కాన్ తీయించి, ఆ ఫిల్మును వెలుతురుకి పెట్టి చూపించింది.

"దొంగ నడుములో ఉంటే మీరు పిక్కను పట్టుకున్నారు. ఇదిగో, రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు ఇలా బయటికి ఉబికి నరాలను నొక్కేస్తోంది."

"ఇప్పుడెలా డాక్టరమ్మా?"

"చాలామందికి ఇది కత్తి తగలకుండానే తగ్గుతుంది. మందులు, కొన్నాళ్ళు బరువులు మానడం, నడక, చెప్పినట్టు కసరత్తు. కానీ మూత్రం ఆగి, స్పర్శ పోయి, రెండు కాళ్ళూ పట్టు తప్పాయంటే ఇక ఆగడానికి లేదు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

"ఎవరైనా నడుం తొక్కి ఉంటే?" అడిగాడు తమ్ముడు.

డాక్టరు కళ్ళద్దాలు తీసింది. "కాళ్ళ మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేది. మిమ్మల్ని ఇక్కడికి పంపిందెవరో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టుకోండి."

ఆ రాత్రే ఆపరేషన్ అయింది. తెల్లవారాక అన్నయ్య కాలి బొటనవేళ్ళు రెండూ కదిపాడు. వదిన ఆ వేళ్ళు పట్టుకుని ఏడ్చింది.

తమ్ముడు మాత్రం ఆగలేకపోయాడు. వ్యాన్ తీసుకుని నేరుగా ఆ షట్టర్ దగ్గరికి వెళ్ళాడు.

మెట్టు ఖాళీగా ఉంది.

పక్క కొట్లో కుట్టుపని చేస్తున్న ఆవిడ తలెత్తింది. "ఎవరు కావాలి?"

"ఇక్కడ కూర్చునే తాత. కాళ్ళు పట్టుకోవాలి."

"పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు బాబూ. కొడుక్కి కసరత్తు చేయించే చోటేదో దొరికిందట. చక్రాల కుర్చీతో సహా ఎత్తి బండెక్కించారు. ఏ ఊరో చెప్పలేదు."

"కొడుక్కేమైంది?"

"కాలు లాగుతోందన్నాడు పాపం. మిగతాది సిగ్గుపడి చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నడుం మీద ఒక్క తొక్కు పడింది, అంతే. తర్వాత ఆసుపత్రిలో ఏమేం అడిగారో అవన్నీ ఈయనకి కంఠతా వచ్చేశాయి. అప్పట్నుంచి ఆ మెట్టు మీదే కాపలా. నడుం పట్టుకుని ఎవరొచ్చినా అవే అడిగి, తేడా ఉందనిపిస్తే ఆసుపత్రికి తరిమేవాడు. తిట్టినవాళ్ళున్నారు, కొట్టినవాళ్ళూ ఉన్నారు. నిన్నటిదీ నేనిక్కణ్ణుంచే చూశాను."

తమ్ముడు తల దించుకున్నాడు. మరుక్షణం అతని పిడికిళ్ళు బిగుసుకున్నాయి.

"ఆ తొక్కినవాడెక్కడ? ఆ నడుం మావయ్య నా చేతికి దొరకాలి గానీ..."

ఆవిడ మిషన్ ఆపి, అతని చేతులకేసి చూసింది.

"నిన్న దొరికాడుగా బాబూ," అంది, "నువ్వు షట్టర్‌కేసి తోసింది ఆ నడుం మావయ్యనే."