ఒక్క ముక్కలో

"ఇది రిపోర్టా, శిక్షా?"

తడాలా గోండ్వే ఆ మాట మైకులోనే అంది. హాలంతా నవ్వింది. ముందు వరసలో కూర్చున్న డాక్టర్ లెవిసన్ చిపేటా ఒక్కడే నవ్వలేదు. ఆ రిపోర్టు ఆయనదే.

మలావీ దేశంలోని సాలిమాలో, సరస్సు ఒడ్డునున్న హోటల్లో వ్యవసాయ పరిశోధకులకు శిక్షణ జరుగుతోంది. పొలాల వెంట తిరిగి తేల్చుకొచ్చిన సంగతులను మంత్రులకూ అధికారులకూ అర్థమయ్యేలా చెప్పడం వాళ్లకు నేర్పాలి. అందుకే తడాలాను పిలిపించారు. రేడియోలో వార్తలు చదివి పేరు తెచ్చుకున్న మనిషి. నోరు పదును.

చిపేటా పేద రైతులకు సర్కారు ఇచ్చే ఎరువుల కూపన్ల మీద మలావీ అంతటా ఏటేటా సర్వే చేసే పెద్దాయన. ఆయన రిపోర్టును చివరిదాకా చదివినవాడికి పెన్షన్ ఇవ్వాలని రాజధాని లిలాంగ్వే ఆఫీసుల్లో జోకు.

"వినండి," అని తడాలా పైకి చదివింది. "'లబ్ధిదారుల కమత పరిమాణ విభజన దృష్ట్యా ఉత్పాదకతా స్పందన గుణకపు ప్రాధాన్యతారాహిత్యం పరిశీలనార్హం.' డాక్టర్ గారూ, ఇది మనుషులు మాట్లాడే భాషేనా?"

"మనుషుల కోసం రాయలేదు. శాఖ కోసం రాశా."

హాలు మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వు ఆమె మీదికి తిరిగింది. తడాలా దవడలు బిగుసుకున్నాయి.

ఇక అక్కణ్ణుంచి యుద్ధమే.

"మీ అమ్మమ్మకి చెబుతున్నట్టు చెప్పండి," అంటుంది ఆమె.

"మా అమ్మమ్మ పోయింది. ఆవిడకిప్పుడు ఎరువు అక్కర్లేదు," అంటాడు ఆయన.

మిగతావాళ్లంతా తమ పరిశోధన సారాన్ని ఒక్క వాక్యంలో రాసిచ్చారు. చిపేటా కూడా ఒక్క వాక్యమే ఇచ్చాడు. అది పేజీ దాటి వెనకవైపుకు వెళ్లింది.

టీ వేళ తడాలా వరండాలోకి వచ్చేసరికి అక్కడ గుంపుగా జనం. మధ్యలో చిపేటా, చేతిలో నూనెలో వేయించిన మందాసీ బన్ను. కదులుతున్న లారీ మీంచి ఎరువు బస్తా జారిపడితే, దాని కోసం ఒక పాస్టరూ ఒక మేకా ఎలా పోట్లాడుకున్నాయో చెబుతున్నాడు. డ్రైవర్లు పొట్ట పట్టుకుని వంగిపోతున్నారు. వడ్డించే పిల్ల కళ్లు తుడుచుకుంటోంది.

తడాలా గుడ్లప్పగించి చూసింది. అంటే ఈయనకు చెప్పడం చేతకాక కాదు. ఒళ్లంతా పొగరు!

"చూశాను లెండి," అంది ఆయన్ని పక్కకు పిలిచి. "మాట్లాడ్డం బాగానే వచ్చు. హాల్లో ఎందుకీ నాటకం?"

"వార్తలు చదివేదానివి, వార్తలు చదువుకో. నా జోలికి రాకు."

"ఎవరికీ అర్థం కాని చదువు ఎందుకండీ, పొయ్యిలో పెట్టడానికా?"

"పొయ్యిలో పెడితే ఎవడింట్లోనో ఇంత మొక్కజొన్న పిండి న్సీమా ఉడుకుతుంది. నీ మాటలతో అదీ ఉడకదు." టీ కప్పు గోడ మీద ఠక్కున పెట్టాడు. "చివరి రోజు మాట్లాడేవాళ్లలోంచి నా పేరు తీసెయ్."

"తీసేది లేదు. వ్యవసాయ శాఖ కార్యదర్శి స్వయంగా వస్తున్నారు. ఆయన ముందు మీ చేత మాట్లాడించకపోతే నా పేరు తడాలా కాదు."

ఆ మధ్యాహ్నమంతా తిట్టుకుంటూనే ఆమె చిపేటా రిపోర్టును అట్ట నుంచి అట్ట దాకా చదివింది. అర్థం కానిచోట కుర్ర పరిశోధకులను పట్టుకుని అడిగింది. పట్టుదల అంటే అదీ. చివరికి ఆ చిక్కులోంచి పోగు దొరికింది.

చివరి రోజు కార్యదర్శి వచ్చాడు. చిపేటా మైకు అందుకుని గుణకాలూ విభజనలూ మొదలుపెట్టాడు. కార్యదర్శి ఆవలించాడు. కాసేపటికి ఫోను తీశాడు.

తడాలాకు ఒళ్లు మండింది. గబగబా వెళ్లి మైకు లాక్కుంది.

"సార్, డాక్టర్ గారు చెప్పేది ఒక్క ముక్కలో చెబుతాను. ఎకరం లోపు పొలం ఉన్నవాళ్లకి మనమిచ్చే ఎరువు కూపన్ల వల్ల మార్కెట్‌కి ఒక్క బస్తా మొక్కజొన్న కూడా అదనంగా రావడం లేదు!"

"ఆగు!" అని చిపేటా అరిచాడు. కానీ మైకు ఆయన దగ్గర లేదు.

కార్యదర్శి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇది నిజమేనా, డాక్టర్?"

చిపేటా పెదవులు తడుపుకున్నాడు. "నిజమే. కానీ..."

"కానీలు తర్వాత. బంగారంలాంటి మాట ఇన్నేళ్లూ ఎక్కడ పెట్టుకున్నావయ్యా? ఖర్చు తగ్గించమని ఖజానా వాళ్లు నా పీక మీద కూర్చున్నారు. ఈ వానల నుంచే ఆ కూపన్లు ఆపేస్తున్నా. శభాష్ అమ్మాయ్!"

హాలు చప్పట్లతో మోగింది. చిపేటా లేచి బయటికి నడిచాడు.

తడాలా వెంటపడింది. పార్కింగులో ఆయన పికప్ వెనక సంచీ పడేస్తున్నాడు.

"కనీసం థాంక్స్ అనొచ్చుగా! మీ పరిశోధన ఇన్నాళ్లకి ఎవడికో అర్థమైంది."

చిపేటా వెనక్కి తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎకరం లోపువాళ్ల మొక్కజొన్న మార్కెట్‌కి ఎందుకు రాదో తెలుసా? వాళ్లే తినేస్తారు గనక. ఆ బస్తా ఎరువు లేకపోతే కొత్త పంట రాకముందే, ఫిబ్రవరికి, పిల్లలు మామిడి టెంకలు ఉడకేసుకుని తింటారు."

తడాలా ముఖంలో రంగు మారింది. అయినా తగ్గలేదు. "మరి ఆ ముక్క అర్థమయ్యేలా రాసి ఏడవొచ్చుగా!"

"రాశా. మొదటేడు రెండు ముక్కలూ, మార్కెట్‌కి రాదనీ, వాళ్లే తింటారనీ, నీకన్నా తేటగా రాశా. అప్పటి కార్యదర్శి మొదటి ముక్క మాత్రం చదివి ఒక జిల్లా మొత్తానికి కూపన్లు ఆపేశాడు." చిపేటా బండి ఎక్కి తలుపు వేసుకున్నాడు. "అబద్ధం రాయడం నాకు చేతకాదు, అందుకే ఆ ఏడు నుంచీ కష్టపడి, ఒక్కో వాక్యం చెక్కి చెక్కి, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అర్థం కాకుండా రాస్తున్నా."