భుజం మీది చెయ్యి

"ఏం పని చేస్తవ్ తమ్మీ?" అని ఎవరైనా అడిగితే తిరుమలేష్ "డిజైనర్‌ని" అనేవాడు. బీదర్‌లో ఆ మాటకు మురిసిపోయినవాడు ఒక్కడూ లేడు. లీడర్ల పుట్టినరోజులకు వాళ్ళ మీసాలు నల్లబరచడం, పెళ్ళి ఫ్లెక్సీల్లో పిల్ల రంగు తేల్చడం, స్కూలు బ్యానర్ల మీద ఎక్కడి పిల్లలనో తెచ్చి నవ్వించడం. ఇదీ మనవాడి కళాసేవ.

జహీరాబాద్‌లో తనతోపాటే డిజైన్ కోర్సు చేసిన క్రాంతి హైదరాబాద్‌లో కార్టూన్ల కంపెనీలో చేరిపోయాడు. మాదాపూర్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తున్న రోజులవి.

"ఇంకా ఆ ఊళ్ళె మీసాలే దిద్దుతున్నవారా? ఒకటో తారీకు లోపల వచ్చెయ్. లేకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటరు" అని ఫోన్ చేశాడు. తిరుమలేష్ సంచి సర్దుకున్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే, తిరుమలేష్ పనిచేసే ఫ్లెక్సీ దుకాణం మెట్లు అమర్నాథ్ సేటు ఎక్కాడు. గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ ఆయనది. చేతిలో ఒక కవరు. కవరులో ఒక్కటే ఫోటో.

"మా బిడ్డ సీమ. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలె" అన్నాడు.

ఫోటోలో ఇరవై రెండేళ్ళ పిల్ల. పసుపుపచ్చ చున్నీ. పక్కన ఒక అబ్బాయి, ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. తిరుమలేష్‌కు జాలేసింది. ఎట్లా పోయిందని మాత్రం అడగలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు చెప్తే వినాలి గానీ మనం తవ్వకూడదన్నది అతని పద్ధతి. మంచి పద్ధతే.

"వేరే ఫోటో లేదా సేట్?"

"ఇంట్ల ఒక్కటి గూడ లేదు. ఇది దాని దోస్తు తాన దొరికింది. ఆ పిల్లగాడు వద్దు. మెడల పుస్తె గూడ తీసెయ్యి."

అవును మరి, తండ్రి కళ్ళకు ఎప్పటికీ చిన్నపిల్లే కదా, అనుకున్నాడు తిరుమలేష్.

మనిషిని తీసేయడం పది నిమిషాల పని. భుజం మీది చెయ్యి తీసేయడమే కష్టం. ఆ వేళ్ళ కింద చున్నీ ఎట్లా ఉందో ఎవరు చూశారు? దాన్ని కొత్తగా పుట్టించాలి. మడతకో నీడ వేసుకుంటూ రెండు రోజులు కూర్చున్నాడు. పక్కనే స్టూలేసుకుని సేటూ కూర్చున్నాడు.

"నవ్వు కొంచెం తగ్గియ్యి తమ్మీ. సూడలేకపోతున్న."

తగ్గించాడు. పెదవి కొసను వెంట్రుకవాసి దించితే చాలు, నవ్వు సగమైపోతుంది. ఇంత చిన్న పనికి ఇంత పెద్దమనిషి తన దగ్గర కూర్చున్నాడంటే తిరుమలేష్‌కు నమ్మబుద్ధి కాలేదు.

రెండో రోజు చాయ్ తాగుతూ సేటు తనంతట తానే నోరు విప్పాడు.

"ఇల్లిడిచి పోయి యాడాదైంది. మళ్ళ దాని మొఖం సూడలే. ఏ ఊర్ల కాపురం పెట్టిందో గూడ తెల్వదు మాకు. ఆ ఇల్లొక్కసారి చూస్తే నా మనసు నిమ్మలమైతది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుమలేష్ తట్టుకోలేకపోయాడు.

"జర ఉండు సేట్" అన్నాడు.

ఫోటోలో ఆ ఇద్దరి వెనక ఏదో బోర్డు ఉంది. అంతా అలుక్కుపోయింది. ఎలాగూ చెరిపేద్దామనుకున్న భాగమే అది. దాన్నే మళ్ళీ స్కాన్ చేశాడు. పెద్దది చేశాడు. వెలుగు పెంచి, నలుపు పెంచి, గీతగీతకీ పదును పెట్టాడు. మధ్యాహ్నం తిండి కూడా మరిచిపోయాడు. పొద్దు వాలే వేళకు కన్నడ అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. కావేరి టైలర్స్, హుమ్నాబాద్. బోర్డు పక్కనుంచి మీది గదికి మెట్లు. రెయిలింగ్ మీద ఆడపిల్ల బట్టలు ఆరేసి ఉన్నాయి. కాపురం ఆ గదిలోనే అన్నమాట.

సేటు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు సల్లగుండాలె బిడ్డా! యాడాది సంది ఎవ్వనితోని కాలే."

ఆ సాయంత్రమే తిరుమలేష్ క్రాంతికి ఫోన్ చేశాడు. "నేను రాను రా."

"పిచ్చి గిట్ల లేసిందా నీకు?"

"ఆడ మీరు బొమ్మల్ని ఆడిస్తరు. ఈడ నా పని ఒక మనిషికి అక్కరకొచ్చింది రా. ఈ విద్య ఎందుకు నేర్చుకున్ననో ఇయ్యాల తెలిసింది."

ఫోన్ పెట్టేసి సంతోషంతో ఏడ్చాడు. వెర్రిబాగులాడు! సర్దుకున్న సంచి విప్పి బట్టలు మళ్ళీ కొయ్యకు తగిలించుకున్నాడు.

మూడో రోజు సేటు రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చాడు. మొహం తేటపడింది.

"ఇల్లు దొరికిందా సేట్?"

"దొరికింది. మీదికి ఎక్కలే. కిందికెల్లే చూసొచ్చిన."

"మనసు నిమ్మలమైందా?"

"ఇంకింత ఉంది. అయితది."

తిరుమలేష్ కుర్చీ జరిపి కంప్యూటర్‌లో ఫ్లెక్సీ చూపించాడు. చుట్టూ మల్లెల అంచు. మధ్యలో సీమ. మెడ బోసిగా, భుజం ఖాళీగా, కొద్దిగా మాత్రమే నవ్వుతోంది. అక్కడ ఒక చెయ్యి ఉండేదంటే కన్నతల్లి కూడా నమ్మదు. సేటు చాలాసేపు చూశాడు. "బంగారమసొంటి పని చేసినవ్" అన్నాడు.

ఆ మాటకు తిరుమలేష్ కళ్ళు చెమర్చాయి.

"బిడ్డ పోయిన తారీకు ఒక్కటే మిగిలింది సేట్. చెప్తే కొట్టి ప్రింటుకు పంపుత."

"ఇరవై రెండు. ఈ నెలనే" అన్నాడు సేటు, చాయ్ ఊదుకుంటూ.

తిరుమలేష్ ఇరవై రెండు అని కొట్టి, కంప్యూటర్ మూలకు చూస్తే, ఆ రోజు ఇంకా ఇరవయ్యో తారీకే.